పదిహేను వాట్లు

ఫ్రిజ్ ఎంత కరెంటు తాగుతుందో కొలవడం అతని ఉద్యోగం. వినడానికి అదీ ఒక పనేనా అనిపిస్తుంది గానీ, చేసేవాడికి తెలుస్తుంది దానికెంత ఓపిక కావాలో. కంపెనీలు పంపిన కొత్త ఫ్రిజ్‌లని కిటికీల్లేని గదిలో వరసగా నిలబెడతారు. ఆ గదిలో వేడి ఇంత అంటే అంతే ఉండాలి, గాలి కూడా అడిగి కదలాలి. ఫ్రిజ్ లోపల సన్నటి వైర్లు అమర్చి, తలుపు మూసి, అంచు వెంట పైనుంచి కిందిదాకా కాగితం టేపు అంటిస్తారు. ఇక కొలత పూర్తయ్యేదాకా ఆ తలుపు ఎవరూ ముట్టుకోకూడదు. ఒక్కసారి తెరిచారా, కథ మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే తోటివాళ్ళు అతన్ని ఫ్రిజ్‌ల కాపలాదారు అని ఏడిపించేవాళ్ళు. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఇంటికొచ్చినా ఆ కాపలా బుద్ధి పోయేది కాదు. వంటింట్లో తలుపు తీసిన చప్పుడైతే చాలు, హాల్లోంచే "వెయ్యి, వెయ్యి" అని కేకేసేవాడు. భార్య ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. కూతురు మాత్రం అసలు వినిపించుకునేదే కాదు. ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అనేవాళ్ళు. తినేది గుప్పెడు, మాట్లాడేది బస్తెడు. దానికి చీకటంటే చచ్చేంత భయం. ఫ్రిజ్ ముందు నిలబడి, తలుపుని కొంచెం కొంచెంగా మూస్తూ, సందులో కన్ను పెట్టి చూసేది. లోపలి లైటు ఎప్పుడు ఆరుతుందో కనిపెట్టాలని.

ఒకరోజు ఇక లాభం లేదని అతను పిల్లని ఎత్తుకుని, చట్రంలో ఉన్న చిన్న బొత్తాం చూపించాడు. తలుపు వెళ్ళి దీన్ని నొక్కితే లైటు ఆరుతుందని, వేలితో నొక్కి మరీ చూపించాడు. పిచ్చుక చప్పట్లు కొడుతుందనుకున్నాడు. మూతి ముడుచుకుంది.

"అయితే లోపలున్నవాళ్ళకి చీకటేగా నాన్నా?"

లోపలెవరున్నారే, టమాటాలూ పాలూ అంతేగా అన్నాడతను. పాపం టమాటాలు అంది పిల్ల. ఆ తరవాత చాలా రోజులు తలుపు మూసే ముందు టమాటాలకి గుడ్ నైట్ చెప్పేది. తెల్లారగానే చెప్పినా అది గుడ్ నైటే. చీకటి పడేది వాటికే కదా అనేది.

దాని గుడ్ నైట్‌కి ఇంకో పద్ధతి కూడా ఉంది. పడుకునే ముందు గదిలోంచి టార్చి మూడుసార్లు మినుకుమనిపిస్తుంది. హాల్లో ఉన్నవాళ్ళు స్విచ్ మూడుసార్లు వేసి ఆర్పి జవాబివ్వాలి. జవాబొస్తేనే టార్చి ఆర్పి పడుకునేది. రాకపోతే ఎంత నిద్రొస్తున్నా సరే, మంచం మీద కూర్చుని కళ్ళు నులుముకుంటూ ఎదురుచూసేది. పక్కింటి పిల్లలకీ, బళ్ళో పిల్లలకీ కూడా ఈ పద్ధతి నేర్పింది. ఎవరు కనిపిస్తే వాళ్ళకి నేర్పడమే దాని పని.

ఆ పిల్ల జ్వరమని ఆస్పత్రికెళ్ళి తిరిగి రాలేదు.

ఇంతకంటే దాని గురించి చెప్పడం అతనికి చేతకాదు. ఎవరడిగినా ఆ ఒక్క వాక్యం అని ఊరుకుంటాడు. కానీ ఆ రోజు జరిగినది ఒకటి ఉంది. అతను ఎవరికీ చెప్పనిది.

పిల్ల అమ్మమ్మ దూరంనుంచి రావాలి. ఆమె వచ్చి చూసేదాకా ఒక రాత్రి ఆస్పత్రిలోనే ఉంచాలన్నారు. కింది అంతస్తులో ఒక చల్లటి గది. గోడ నిండా స్టీలు తలుపులు, ఒక్కో తలుపుకీ ఒక పిడి. కింద ఒక వరస, మధ్యలో ఒక వరస, పైన ఒక వరస. లోపల కంప్రెసర్ తిరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడు విని అది ఏ రకందో అతనికి తెలిసిపోయింది, తెలిసినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అక్కడి మనిషి కింది వరసలో ఒక తలుపు తెరిచి, పిల్లని ఉంచిన పలక లోపలికి తోసి, తలుపు మూశాడు. పిడి టక్కున పడింది.

భార్య అతని చెయ్యి పట్టుకుంది. "లోపల లైటుంటుందా?" అనడిగింది.

ఇంకెవరినైనా అడిగి ఉంటే తెలియదనేవాళ్ళు. ఆవిడ అడిగింది అతన్ని.

"ఉంటుంది. ఇవి వేరే రకం. మూసినా ఆరదు," అన్నాడు.

ఆవిడ తలూపింది. ఆ అబద్ధం ఆ రోజునుంచీ అతని గొంతులో ముల్లులా ఉండిపోయింది, మింగుడు పడదు, బయటికి రాదు.

తరవాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఎదురుపడితే పక్కకి తప్పుకోవడం, అన్నం పెట్టడం, తినడం. భార్య వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. వాళ్ళ వంటింటికి కిటికీ లేదు, తలుపు దగ్గరికేస్తే మిట్టమధ్యాహ్నం కూడా కటిక చీకటి. ఆ చీకట్లో ఫ్రిజ్‌కి ఎదురుగా కూర్చునేది. మొదట్లో అతను చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఏడ్చుకోనీ అనుకున్నాడు. కానీ ఆవిడ ఏడవడం లేదు. ఏదో కనిపెట్టుకుని ఉన్నట్టు కూర్చుంటోంది.

అతను ఊరికి ఆ చివర ఇంకో ఇల్లు చూశాడు. ఈ గోడల మధ్య ఇంకొన్నాళ్ళుంటే ఈ మనిషి కూడా తనకి దక్కదని భయం పట్టుకుంది. ఎండ పడే వంటిల్లు, పెద్ద కిటికీ. భార్యకి చెబితే రానంది. ఎందుకు రావని అడిగాడు.

"లోపల లైటు ఆరట్లేదండీ," అంది. "దాన్ని వదిలేసి ఎలా వస్తాను?"

చీకట్లో కూర్చుంటే తలుపు చుట్టూ రబ్బరు అంచు దగ్గర వెంట్రుకంత వెలుగు గీత కనిపిస్తోందట. అతని ప్రాణం ఉసూరుమంది. రబ్బరు పాతబడి ఉంటుందన్నాడు. కాగితం ముక్క తలుపు సందులో పెట్టి లాగి చూపించాడు. గట్టిగా పట్టుకుంది, రబ్బరు బాగానే ఉంది. గీత అతనికీ కనిపించినట్టే అనిపించింది. కానీ చాలాసేపు చీకట్లోకి చూస్తే కంటికి లేనివి కూడా కనిపిస్తాయి. కంటిని నమ్మడం అతని వృత్తిలో లేదు.

అప్పుడే అతనికా ఆలోచన వచ్చింది. మీటరు తెస్తానన్నాడు. గోడ సాకెట్‌కీ ఫ్రిజ్ ప్లగ్గుకీ మధ్య పెట్టే అరచేతంత మీటరు, ఆ క్షణాన ఎంత కరెంటు వాడుతోందో అంకెల్లో చూపిస్తుంది. తమది పాత ఫ్రిజ్. కంప్రెసర్ తిరగనప్పుడు అందులో కరెంటు వాడేది ఒక్క బల్బే, పదిహేను వాట్లది. కంప్రెసర్ ఆగాక మీటరు సున్నా చూపిస్తే లోపల చీకటే. పదిహేను చూపిస్తే లైటు వెలుగుతున్నట్టు. ఇందులో వాదన ఏముంది?

"సున్నా వస్తే ఇల్లు మారదాం. మాటిస్తావా?"

ఆవిడ సరేనంది.

ఆదివారం పొద్దుటినుంచే ముసురు పట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అతను ఫ్రిజ్ ముందుకి జరిపి మీటరు తగిలించాడు. వంటింటి తలుపు మూసి లైటు ఆర్పాడు. భార్య స్టూలు మీద, అతను నేల మీద. మీటరు మీది నీలం అంకెలు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. కంప్రెసర్ తిరుగుతోంది, తొంభై ఎనిమిది, తొంభై ఏడు. బయట ఎక్కడో వాన తూములోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు. గదిలో సబ్బు వాసన, తడిగుడ్డ వాసన.

కంప్రెసర్ ఒక్కసారి వణికి ఆగింది.

అంకెలు జారాయి. అతను సున్నా కోసం చూస్తున్నాడు.

పదిహేను దగ్గర ఆగాయి.

అతను బొత్తాం ఇరుక్కుని ఉంటుందన్నాడు. ఇలాంటివి అతను ఎన్ని చూడలేదు. తలుపు తెరిచి వేలితో బొత్తాం నొక్కాడు. లైటు ఆరింది, మీటరు సున్నా చూపించింది. వదిలాడు, పదిహేను. బొత్తాం నిక్షేపంగా ఉంది. తలుపు అంచు తుడిచాడు, గట్టిగా మూశాడు. పదిహేను. మళ్ళీ తెరిచాడు, మూశాడు. పదిహేను.

ఇక చేసేదొకటే ఉంది. తలుపు తెరిచి, బల్బు విప్పి, చొక్కా జేబులో వేసుకున్నాడు. తలుపు మూశాడు.

సున్నా.

హమ్మయ్య అనబోయి ఆగిపోయాడు. అలవాటు కొద్దీ కాగితం టేపు తీసి, తలుపు అంచు వెంట పైనుంచి కిందిదాకా అంటించాడు. వేళ్ళతో నొక్కుతూ, ముడతల్లేకుండా. ఇక కొలత పూర్తయ్యేదాకా ఎవరూ తెరవకూడదు. సున్నా సున్నాగానే ఉంది. చూశావా అన్నాడు. బొత్తాంలో ఏదో లోపం ఉంటుంది, రేపు మార్చేస్తాను, వచ్చే నెలకి కొత్తింట్లో ఉందాం అన్నాడు. ఏదేదో అంటూనే ఉన్నాడు.

భార్య గొంతు చీకట్లోంచి నెమ్మదిగా వచ్చింది.

"మళ్ళీ చీకట్లో పెట్టేశారా దాన్ని?"

అతను టేపు అంచుని ఇంకోసారి వేలితో నొక్కాడు.

"ఆ రోజు కూడా ఆరిపోయింది కదూ. తలుపు వెయ్యగానే."

ఇంకా అబద్ధం చెప్పడానికి అతనిలో బలం లేదు. "ఆరిపోయింది," అన్నాడు. "ఏ తలుపైనా మూస్తే ఆరిపోతుంది. నాకు తెలుసు. తెలిసే నీకలా చెప్పాను."

ఆవిడ అతన్ని తిట్టలేదు. స్టూలు మీదనుంచి దిగి పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళ తరవాత మొదటిసారి ఇద్దరి భుజాలూ తగిలాయి. అప్పుడు ఏడుపొచ్చిందతనికి. ఎన్నాళ్ళుగానో పంటి బిగువున ఆపుకున్నదంతా వచ్చింది. అంత చిన్న పిల్లని, టార్చి లేకుండా, ఒక్కదాన్ని, ఆ పలక మీద, ఆ చలిలో... భార్య వీపు నిమురుతూ ఉండిపోయింది.

అతను కళ్ళు తుడుచుకుని చూసేసరికి మీటరు మీద పదిహేనుంది.

సున్నా అయింది.

పదిహేను. సున్నా.

పదిహేను. సున్నా.

చెయ్యి దానంతటదే జేబు మీదికెళ్ళింది. బల్బు జేబులోనే ఉంది. చొక్కా గుడ్డలోంచి గోరువెచ్చగా తగిలింది.

"పిచ్చుక," అంది భార్య. ఆ గొంతులో భయం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

పదిహేను మళ్ళీ వచ్చింది. ఈసారి పోలేదు. జవాబు కోసం చూస్తున్నట్టు అలాగే నిలిచింది. చూస్తుండగానే అంకె ముప్ఫై అయింది. కాసేపటికి నలభై అయిదు. తరవాత అరవై. కంప్రెసర్ తిరగడం లేదు. ఎక్కడా ఏ చప్పుడూ లేదు. డెబ్భై అయిదు... పదిహేను చొప్పున, ఒక్కొక్కళ్ళూ వచ్చి పక్కన చేరుతున్నట్టు... అతని కళ్ళముందు ఆస్పత్రిలోని ఆ స్టీలు తలుపుల గోడ కదిలింది. కింద ఒక వరస, మధ్యలో ఒక వరస, పైన ఒక వరస.

ఇక ఆగలేక గోడ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి ప్లగ్గు ఊడబీకాడు. మీటరుతో సహా చేతికొచ్చింది. నీలం అంకెలు ఆరిపోయాయి.

గదిలో చీకటి రాలేదు.

టేపు వెనక, రబ్బరు అంచు పొడవునా వెలుగు. ఒకే గీత కాదు. ముక్కలు ముక్కలుగా, ఒక్కో ఎత్తులో ఒక్కోటి. మధ్యలో ఉన్న ఒక ముక్క ఆరి వెలిగింది. మళ్ళీ. మళ్ళీ. మూడుసార్లు. దాని పక్కది కూడా, కొంచెం తడబడుతూ, అప్పుడే నేర్చుకున్నట్టు.

ఆ పద్ధతి పిచ్చుకది. మిగతావాళ్ళకి ఎవరు నేర్పారో ఇద్దరికీ తెలిసింది.

"జవాబివ్వాలి కదా," అంటూ భార్య లేచింది.

అతను కొంగు పట్టుకుని ఆపబోయాడు. ఆవిడ వినలేదు. గోడ తడుముకుంటూ వెళ్ళి వంటింటి స్విచ్ వేసి ఆర్పింది, మూడుసార్లు. మధ్యలో వెలుగు ముక్క ఆరిపోయింది. ఇంకోటి మినుకుమంది. ఆవిడ జవాబిచ్చింది, అదీ ఆరింది. ఒక్కొక్కరినే పడుకోబెడుతున్నట్టు, ఏ తొందరా లేకుండా, తనలో తను ఏదో సన్నగా అనుకుంటూ. పై మూలనున్నది మాత్రం మినుకుమనలేదు. మనిషి తల ఎత్తులో, కదలకుండా ఉంది. ఆవిడ దానికి రెండుసార్లు జవాబిచ్చి చూసింది. ఆరలేదు. దాన్ని వదిలేసింది.

కింద ఇంకొకటి మిగిలింది. అతని నడుం దాకా కూడా రాని ఎత్తులో. మూడుసార్లు మినుకుమని నిలబడింది. కాసేపాగి, మళ్ళీ మూడుసార్లు.

భార్య చెయ్యి స్విచ్ మీద ఆగిపోయింది.

ఆవిడ ఎందుకు ఆగిందో అతనికి అర్థమైంది. జవాబిస్తే పిల్ల పడుకుంటుంది. ఇక వెలగదు. ఇవ్వకపోతే ఉంటుంది. రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది, కళ్ళు నులుముకుంటూ.

"నావల్ల కాదండీ," అంది.

అతను లేచి వెళ్ళి ఎడమ చేత్తో ఆవిడ రెండు చేతులూ కలిపి పట్టుకున్నాడు. కుడిచేతి వేలు స్విచ్ మీద పెట్టాడు. పిల్ల ఉన్నప్పుడు, పనిలో ఉన్నానంటూ ఎన్నిసార్లు ఆలస్యంగా జవాబిచ్చాడో గుర్తొచ్చింది.

"నిద్రొస్తూ ఉంటుందే దానికి," అన్నాడు. "ఎంతసేపని కూర్చుంటుంది?"

స్విచ్ వేశాడు. ఆర్పాడు.

రెండోసారి వేశాడు. ఆర్పాడు.

మూడోసారి వెయ్యలేకపోయాడు. వేలు స్విచ్ మీదే ఉంది, కానీ అది తన మాట వినడం లేదు. కింది వెలుగు మినుకుమంటోంది, మూడుసార్లు, మళ్ళీ మూడుసార్లు, విసుగ్గా, నిద్రమత్తుగా... ఇంకొక్క క్షణం అనుకున్నాడు. ఇంకొక్కటి...

అతని వేలి మీద ఇంకో వేలు ఆనింది.

చిన్నది. చల్లటిది.

నొక్కింది.

లైటు వెలిగింది. ఆ వెలుగులో వంటిల్లంతా ఉన్నదున్నట్టు కనిపించింది. స్టూలు, గట్టు మీద బోర్లించిన గ్లాసులు, నేల మీద ప్లగ్గూ మీటరూ, తెల్లబోయిన భార్య మొహం. ఫ్రిజ్ తలుపు మూసే ఉంది. టేపు పైనుంచి కిందిదాకా అతను అంటించినట్టే ఉంది, ఒక్క ముడత లేకుండా. గదిలో వాళ్ళిద్దరూ తప్ప ఎవరూ లేరు.

లైటు ఆరింది.

కింది వెలుగు పోయింది. పైన మొండిగా నిలిచినది కూడా పోయింది. ఇప్పుడు నిజంగా చీకటి. పిచ్చుక పడుకుంది అనుకున్నాడతను. గుండె పిండినట్టయింది, కానీ ఆ బాధలోనే ఎక్కడో కాస్త ఊపిరి ఆడింది. వచ్చే నెల కొత్తింటికి వెళ్తామనిపించింది. భార్య రెండు చేతులూ ఇంకా అతని చేతిలోనే ఉన్నాయి, అతని రెండో చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది. అతను స్విచ్ నొక్కాడు. వెలగలేదు. మళ్ళీ నొక్కాడు.

అప్పుడు ఫ్రిజ్ దగ్గర చప్పుడు మొదలైంది.

రోజూ ల్యాబ్‌లో వినే చప్పుడే. కాగితం టేపు ఊడదీస్తున్న చప్పుడు. నేల దగ్గర మొదలై, చిన్నగా, జాగ్రత్తగా, పైకి వస్తోంది... భార్య వేళ్ళు అతని చేతిలో బిగుసుకున్నాయి. చిన్న పిల్ల చెయ్యి చాచితే అందేంత ఎత్తు దాకా వచ్చి, అక్కడ ఆగింది.

అతను ఇంకోసారి స్విచ్ నొక్కాడు.

కాసేపటికి, ఆ పైన మిగిలిన టేపు కూడా ఊడడం మొదలైంది.